చేపల తొట్టె పక్క సీటు

ఆ ఆఫీసులో నాకు కిటికీ పక్క సీటు ఇస్తామని చెప్పి చేపల తొట్టె పక్కన కూర్చోబెట్టారు. కిటికీ పక్క సీటు నా తరువాత చేరినవాడికి ఇచ్చారు. ఇది తొంభైల మొదట్లో సంగతి. ఇన్నేళ్ళ తరువాత ఆ సీటు గొడవ ఎందుకని మా ఆవిడ అంటుంది. నాకు జరిగినదంతా ఆ సీటుతోనే మొదలైంది. అందుకని అక్కడినుంచే చెప్పాలి.

మాది ఇనుప సామాను అమ్మే ఒక కంపెనీ. హెడ్ ఆఫీసు విశాఖపట్నంలో ఉండేది. రాయపూర్ బ్రాంచి శంకర్ నగర్‌లో ఒక మేడ మీద ఉండేది. కొద్ది రోజులకే అని చెప్పి నన్ను రాయపూర్ పంపారు. మా ఆవిడ విశాఖపట్నంలో ఒక బడిలో టీచరు, పర్మనెంటు ఉద్యోగం. పాప అప్పుడు ఒకటో తరగతి, తల్లి దగ్గరే ఉండేది. కొద్ది రోజులే కదా అని ఆవిడ అక్కడ ఉండిపోయింది, నేను గుఢియారీలో రైలు పట్టాల దగ్గర ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆ గదిలోకి స్టేషను మైకు వినిపించేది. ఏ బండి ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మంచం మీద పడుకుని వినవచ్చు. విశాఖపట్నం బండి వేళకి నేను ఏ పని చేస్తున్నా చెయ్యి ఆగిపోయేది.

మా మేనేజరు కృష్ణా జిల్లావాడు. నేను చేరిన రోజున ఆయన ఏదో అడిగితే నాకు సరిగా వినపడక "ఏటండీ?" అన్నాను. మాది విజయనగరం వైపు, మా నోట అదే వస్తుంది. ఆయన నవ్వి, చుట్టూ ఉన్నవాళ్ళకు హిందీలో ఆ మాట ఎంత తమాషా అయినదో వివరించాడు. తెలుగు రానివాళ్ళు కూడా ఆ తరువాత నెల రోజులు నన్ను చూసి "ఏటి, ఏటి" అన్నారు. మేనేజరుకి నాతో పనిపడితే నేను "తమ్ముడు", ఏకవచనం. నాకు ఆయనతో పనిపడితే నేను "మిస్టర్", బహువచనం. ఆ బహువచనం వినపడగానే పని కాదని నాకు తెలిసిపోయేది.

చేపల తొట్టె ఆయన పెట్టించిందే. ఆఫీసులో వ్యాపారం మందగించిందని ఎవరో వాస్తు చెప్పేవాణ్ణి పిలిపించాడట. ఈశాన్యం మూల నీళ్ళు ఉండాలి, నీళ్ళలో ఎర్ర చేపలు, వాటి మధ్య ఒక్క నల్ల చేప ఉండాలి, ఆ నల్లది ఆఫీసుకి తగిలిన దిష్టి లాక్కుంటుంది అని అతను చెప్పాడట. ఈశాన్యం మూల అంటే నా సీటు పక్కన.

తొట్టె పెద్దది, నిలబడి చేతులు చాస్తే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటుంది. నేను వచ్చేసరికి అందులో నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. ఒక్కోసారి ఎర్రటి తోక ఏదో అద్దానికి తగిలి మాయమయ్యేది, అంతే. పైన బల్ల మీద ఒక చిన్న మోటారు రోజంతా గుయ్యిమంటూ ఉండేది. దాని నుంచి సన్నటి గొట్టం నీళ్ళలోకి దిగి, ఒక నల్లటి స్పాంజి దిమ్మలోకి పోయేది. మోటారు గాలి ఊదుతుంది, ఆ గాలి బుడగలై పైకి వస్తుంది, ఆ బుడగలతో పాటు నీళ్ళు స్పాంజిలోనుంచి లాగబడి పైకి వస్తాయి, మురికి స్పాంజిలో ఉండిపోతుంది. ఫిల్టర్ అంటే ఇంతే. కాని ఆ స్పాంజిని ఎవరూ ఎన్నడూ తీసి కడగలేదు. బుడగలు రావడం మానేశాయి. మిగిలింది గుయ్యిమనే చప్పుడు, కంపు.

ఆ కంపు నా అన్నం డబ్బా మూత తీసినా పోయేది కాదు. నేను మేనేజరు దగ్గరికి వెళ్ళి సీటు మార్చమన్నాను. మార్చకపోతే తొట్టె బాగుచేయించమన్నాను. నేను అడిగినది తప్పు కాదు. ఆయన కుర్చీలోంచి లేచి హాల్లోకి వచ్చి అందరూ వినేలా అన్నాడు:

"ఇన్నాళ్ళూ ఎవరికీ రాని కంపు నీకు వచ్చింది తమ్ముడూ. కనిపెట్టిన ముక్కు నీదే కనక మందు కూడా నువ్వే కనిపెట్టు. ఇవాళ్టి నుంచి ఈ తొట్టె నీది."

అందరూ నవ్వారు. తెలుగు రానివాళ్ళు కూడా పక్కవాళ్ళని చూసి నవ్వారు. టైపిస్టు మాత్రం నవ్వలేదు, అది కూడా నాకు గుర్తుంది. ఆమె ఛత్తీస్‌గఢీ మనిషి, ఆయన తెలుగులో అన్నాడు కనక ఆమెకు అర్థం కాలేదు. తరువాత ఎవరో హిందీలో చెబితే అప్పుడు నవ్వింది.

గోల్ బజారులో రంగు చేపలు అమ్మే కొట్టు ఉండేది. అక్కడికి వెళ్ళి అడిగాను. కొట్టాయన బీడీ కాలుస్తూ చెప్పినది రెండే మాటలు. స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, తొట్టెలోంచే కొన్ని నీళ్ళు బక్కెట్లోకి తీసి అందులో పిండు. సాబూన్, అంటే సబ్బు, మాత్రం ముట్టించొద్దు. నేను అలాగే చేశాను. మొదటిసారి పిండినప్పుడు వచ్చిన నీళ్ళు కాఫీ డికాక్షన్‌లా ఉన్నాయి. అడుగున ఉన్న గులకరాళ్ళు కదిపి మురికి తోడేశాను. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ వాసన ఉంటుంది కనక వాటిని ముందురోజే బక్కెట్లలో పట్టి ఉంచి, మర్నాడు పోసేవాణ్ణి. మోటారు లోపలి రబ్బరు చిరిగితే కొత్తది వేయించాను. రెండు వారాలలో నీళ్ళు తేటపడ్డాయి. చేపలు కనిపించాయి. ఆ నల్లది అన్నిటికన్నా బద్ధకంగా, కళ్ళు బయటికి పొడుచుకువచ్చి, రోజూ నా వైపే చూస్తూ ఉండేది.

ఆ వారమే ఒక పెద్ద మిల్లు నుంచి మా బ్రాంచికి ఆర్డరు వచ్చింది. నా ఖర్మ కాకపోతే ఇంకో వారం రావచ్చు కదా. మేనేజరు నా భుజం మీద చెయ్యి వేసి, "తమ్ముడూ, ఇది నీ హస్తవాసి" అన్నాడు. హస్తవాసి అంటే ఏమిటో అక్కడి హిందీవాళ్ళకి కూడా చెప్పాడు. కొందరు డాక్టర్ల చేతి మందు వేసుకుంటే వెంటనే తగ్గుతుంది, కొందరు విత్తు చల్లితే బాగా మొలుస్తుంది, అలాగే ఇతని చేతికి నీళ్ళు తేరుకుంటాయి అన్నాడు. అది పొగడ్త అనుకుని ఆ రోజు నేను కూడా సంతోషించాను. అది సంకెల అని ఆ తరువాత తెలిసింది.

ఆదివారం మిగతావాళ్ళు పిల్లల్ని తీసుకుని బూఢా తలాబ్ చెరువు ఒడ్డుకి వెళ్ళేవారు. నేను ఆఫీసు తాళం తీసి స్పాంజి పిండేవాణ్ణి. ఎండాకాలం కరెంటు పోతే మోటారు ఆగిపోతుంది, గాలి అందక చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు నేను చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే ధారగా పోస్తూ ఉండాలి, కరెంటు వచ్చేదాకా. పక్కన నా కాగితాలు పేరుకుపోతూ ఉండేవి. కాగితాలు ఆలస్యమైతే తిట్టేది కూడా ఆయనే. దీపావళికి విశాఖపట్నం వెళ్తానంటే, "మీరు వెళ్తే ఎలా మిస్టర్, చేపలు ఉన్నాయి కదా" అన్నాడు. ఆఫీసులో లక్ష్మీపూజ చేసి ప్రసాదం మొదట తొట్టె ముందు పెట్టాడు, తరువాత అందరికీ పంచాడు. నా దగ్గరకు వచ్చేసరికి గిన్నె ఖాళీ. "తొట్టెకి పెడితే నీకు పెట్టినట్టే తమ్ముడూ" అన్నాడు. నాకు ప్రసాదం మీద ఆశ లేదు. మాట గురించి చెబుతున్నాను.

పని చెడగొడితే వాళ్ళే వదిలేసేవారు కదా అని తరువాత చాలామంది నాకు సలహా ఇచ్చారు. అలా చెప్పేవాళ్ళకి నేనంటే తెలియదు. నా చేతిలో పెట్టిన పనికి వంక పెట్టే అవకాశం నేను ఎవరికీ ఇవ్వను.

విశాఖపట్నానికి బదిలీ కావాలని నేను చేరినప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. చివరికి దారి దొరికింది. అక్కడి ఆఫీసులో నాకు సమానమైన ఉద్యోగి ఒకాయన, అత్తవారిది భిలాయి, ఆయన ఇటు రావాలనుకుంటున్నాడు. ఆయన ఇక్కడికి, నేను అక్కడికి. హెడ్ ఆఫీసు ఒప్పుకుని ఆర్డరు ఇచ్చింది. ఒకటే షరతు. నెలాఖరులోగా ఇద్దరూ చేరాలి, లేకపోతే ఆ ఏర్పాటు రద్దు. ఇక్కడి నుంచి నన్ను వదలవలసినది మా మేనేజరు.

ఆ సాయంత్రం గుఢియారీ ఎస్టీడీ బూతు నుంచి మా ఆవిడకు ఫోను చేశాను. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "మంచం కొనీమంటారా?" అంది. ఇంతవరకు వాళ్ళిద్దరికీ ఒకటే మంచం. కొనమన్నాను.

మర్నాడు మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. మొదటి మాటే "మిస్టర్" అని వచ్చింది. తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. కాని నేను వెళ్తే తొట్టె సంగతి ఏమిటి అన్నాడు. "మీ తరువాత ఎవరి చెయ్యి దానికి పడుతుందో చూపించండి. వాళ్ళ చేతి కింద చేపలు చావకుండా ఉంటే మీరు నిక్షేపంగా వెళ్ళవచ్చు." ఇంకా మూడు వారాలు ఉన్నాయి కదా అన్నాడు. నేను లెక్కలు రాసే గుమాస్తాను, నా స్థానంలో లెక్కలు రాసేవాడు వస్తున్నాడు, దానికీ చేపలకీ సంబంధం ఏమిటని అడిగాను. ఆయన ఫోను ఎత్తి నంబరు తిప్పాడు.

మొదట టైపిస్టుని అడిగాను. ఆమె తొట్టెలోకి వంగి చూసి, వీటిని చూస్తే నాకు కూరకి వేసే నూనె, ఆవాలు గుర్తుకొస్తాయి బాబూజీ, నా చేతికి ఇవ్వకండి అంది. అందరూ నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు కనక నేను పట్టించుకోలేదు. మిగతావాళ్ళకి చెయ్యి తడవడమే ఇష్టం లేదు. చివరికి మా అకౌంటెంటు గారు తనంతట తాను ముందుకు వచ్చారు.

ఆయన రాయపూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగాయన. తాతల కాలంలో రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కాని రెండో మాట హిందీలో పడుతుంది. శుభ్రత అంటే ఆయనకి ప్రాణం. ఆఫీసు గ్లాసులో నీళ్ళు తాగేవారు కాదు. కుర్చీ తుడవకుండా కూర్చునేవారు కాదు. ఇంతకన్నా తగినవారు ఎవరు అనుకున్నాను. స్పాంజి ఎలా తియ్యాలో, ఎలా పిండాలో రెండుసార్లు చూపించాను. సాబూన్ మాత్రం ముట్టించకూడదని ఒకటికి పదిసార్లు చెప్పాను.

"బేఫికర్‌గా ఉండు నాయనా. సాబూన్ నేను నా ఒంటికే రాసుకోను. నువ్వు విశాఖపట్నం టికెట్ తీసుకో, ఇది ఏక్‌దమ్ సాఫ్‌గా ఉంచే జిమ్మేదారీ నాది."

మొదటి వారం బాగానే నడిచింది. నేను పక్కన కూర్చుని కాగితాలు చూస్తున్నట్టు నటిస్తూ తొట్టెనే చూస్తూ ఉండేవాణ్ణి. ఒక్కొక్క చేపనూ చూసుకునేవాణ్ణి. అవి బతికితే నేను వెళ్తాను. నా కూతురి మంచం అవి బతకడం మీద ఆధారపడి ఉంది. అంతవరకు ఆ చేపలంటే నాకు విసుగే. ఆ వారం మాత్రం వాటి మీద నాకు కలిగినంత శ్రద్ధ నా జీవితంలో ఏ ప్రాణి మీదా కలగలేదు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం బ్యాంకు పని మీద బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చి మెట్లెక్కుతుండగానే ఏదో వాసన తగిలింది. తెలిసిన వాసన. చిన్నప్పుడు ఆదివారం పూట మా అమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి తల రుద్దుతున్నప్పుడు కళ్ళు మండించిన వాసన. శంకర్ నగర్‌లో ఆఫీసు మెట్ల మీద తలంటు వాసన ఏమిటి అనుకుంటూ లోపలికి వెళ్ళాను.

తొట్టె పైన తెల్లటి నురగ. బుడగలు వచ్చిన చోటల్లా నురగ పొంగి అద్దం అంచు మీదుగా నా బల్ల మీదికి కారుతోంది. ఎర్ర చేపలు పక్కకి ఒరిగి పైన తేలుతున్నాయి. అకౌంటెంటు గారు తడి చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ, తన పని తాను మెచ్చుకుంటున్నట్టు నిలబడి ఉన్నారు. చేపలు ఆడుకుంటున్నాయనుకున్నారట.

 మూల బక్కెట్లో ముందురోజు పట్టిన నీళ్ళున్నాయి. తొట్టెలో చెయ్యి పెట్టాను, మొదట చేతికి తగిలినది నల్లది, దాన్ని తీసి బక్కెట్లో వేశాను. మళ్ళీ చెయ్యి పెట్టి ఎర్రవాటిని ఒక్కొక్కటే తీశాను. అవి బక్కెట్లో కూడా ఒరిగే ఉన్నాయి. నల్లది మాత్రం కాసేపటికి తోక ఆడించింది.

సాబూన్ వద్దన్నాను కనక ఆయన సాబూన్ వాడలేదు. ఇంట్లో కుంకుడుకాయలు కొట్టించి, రసం తీయించి, సీసాలో పోసి తెచ్చారు. స్పాంజిని అందులో నానబెట్టి రుద్దారు. సాబూన్‌లో ఏవేవో కలుపుతారు, కుంకుడుకాయ చెట్టుకి కాసేది, దానిలో దోషం ఏముంటుంది అని ఆయన ఆలోచన. హిందీవాళ్ళు ఎవరైనా అయితే అంత కష్టపడేవారు కాదు, మహా అయితే ఒట్టి నీళ్ళలో ముంచి పెట్టేవారు, చేపలు బతికేవి. మా తెలుగాయన కనకే అంత మడిగా చంపారు.

మేనేజరు వచ్చాడు. నేను జరిగినది చెప్పాను. తప్పు ఎవరి చేతిదీ కాదు, కుంకుడు రసానిది, అది కళ్ళకే మంట పుట్టిస్తుంది, చేప మొప్పలకి ఎలా ఉంటుందో ఊహించండి అన్నాను. ఆయన నమ్మలేదు. "మా ఇంట్లో మంగళసూత్రాలు కుంకుడు రసంతో కడుగుతారు. దేవుడి వెండి సామాను దాంతోనే. అది విషమంటావా తమ్ముడూ?" తమ్ముడూ అన్నాడు. అంటే నాతో ఇంకా పని ఉందన్నమాట.

అకౌంటెంటు గారికి కూడా పౌరుషం వచ్చింది. కుంకుడుకాయని అంటే ఆయన ఇంటినే అన్నట్టయింది. మర్నాడు గోల్ బజారు నుంచి పాలిథిన్ సంచిలో ఒక ఎర్ర చేపని తెచ్చారు, డబ్బాలో కుంకుడుకాయలు తెచ్చారు. అందరి ముందూ స్టీలు బేసినులో నీళ్ళు పోసి, కాయలు నలిపి, చేపని వదిలారు. "చూడు, అచ్ఛీగా చూడు" అన్నారు నాతో. అందరూ టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. చేప ఒకసారి బేసిను అంచుకి కొట్టుకుంది, గుండ్రంగా తిరిగింది, టీ చల్లారే లోపల పక్కకి ఒరిగింది. అకౌంటెంటు గారు బేసినులోకి చూస్తూ ఉండిపోయారు.

నేను మేనేజరు వైపు తిరిగాను. నిజం అందరి ముందూ తేలిపోయింది, ఇక వాదన లేదనుకున్నాను.

"చూశారుగా" అన్నాడు మేనేజరు, నాతో కాదు, అందరితో. "ఆయన చెయ్యి పడితే దేవుడి కుంకుడుకాయ కూడా విషమైంది. ఇతని చెయ్యి పడ్డ నల్లది అంత విషంలోంచి లేచి తిరుగుతోంది. నిన్ను నేనెట్లా వదులుతాను తమ్ముడూ?"

ఆ మనిషికి ఇక నేను ఏ రుజువు చూపించినా అది నా కాళ్ళకే చుట్టుకుంటుందని అప్పుడు అర్థమైంది. నల్లదాన్ని తీయకుండా ఉంటే బాగుండేదని అప్పుడు చాలామంది అన్నారు. మొదట చేతికి తగిలినదాన్ని తీయకుండా ఎలా ఉంటారో నాకు తెలియదు.

ఆ సాయంత్రమే తొట్టెలో కొత్త నీళ్ళు, కొత్త ఎర్ర చేపలు. నెలాఖరుకి ఇంకా కొన్ని రోజులున్నాయి. బూతుకి వెళ్ళి మా ఆవిడకి అంతా చెప్పాను. 

"అయితే ఒకటి చంపీయండి" అంది.

"ఏటి?"

"చేపనండీ. మీ చేతిలో ఒకటి చచ్చిపోతే మీ చెయ్యి మంచిది కాదని తేలిపోద్ది. వదిలీస్తారు. ఇక్కడ రేవులో తట్టలకి తట్టలు వస్తన్నాయి, పులుసు పెట్టుకుంటన్నాం. ఒక్క చేపకి ఏటైపోద్ది?"

 వెనక పాప, ఎవరమ్మా, నాన్నేనా అని అడుగుతోంది.

"పోనీలెండి, మీకు మనసొప్పితేనే" అని ఆవిడ పెట్టేసింది.

అకౌంటెంటు గారి కుంకుడుకాయలు కొన్ని నా బల్ల మీద మిగిలిపోయాయి. మర్నాడు స్పాంజి పిండే వేళకి వాటిని జేబులో వేసుకుని బాత్‌రూములోకి వెళ్ళాను. బక్కెట్ ముందు కూర్చున్నాను. ఒక కాయ నలిపితే చాలు. నేనే చంపానని ఎవరూ అనరు, నా హస్తవాసి పోయిందంటారు, అంతే. కాని రేపు మేనేజరు హాల్లోకి వచ్చి, ఇతని పని బాగోలేదు అని అందరి ముందూ అంటాడు. అకౌంటెంటు గారు చూశారా అంటారు. కిటికీ పక్కవాడు నవ్వుతాడు. చెయ్యని తప్పుకి పడ్డ మాటలే ఇన్నాళ్ళూ నాలో ఉన్నాయి, చేసిన తప్పుకి పడే మాట నేను ఎక్కడ పెట్టుకోను? కాయలు జేబులోనే ఉన్నాయి. తొట్టె నీళ్ళలో స్పాంజి పిండాను, మురికి పోయేదాకా పిండాను, తెచ్చి బిగించాను. బుడగలు బాగా వచ్చాయి. నా తప్పు ఎక్కడుందో ఇప్పటికీ ఎవరైనా చెబితే వింటాను.

నెలాఖరు దాటింది. విశాఖపట్నం ఆయన ఇంకెవరితోనో మార్పిడి చేసుకుని భిలాయి దగ్గరే చేరాడని కబురు వచ్చింది. మేనేజరు చేపలకి మేత వేస్తూ, వెనక్కి తిరగకుండానే, "మీది రద్దయింది మిస్టర్" అన్నాడు. మేత వెయ్యడం ఆయన పని. అది చెయ్యి తడవని పని.

తరువాతి వేసవి సెలవుల్లో మా ఆవిడ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి పాపను తీసుకుని వచ్చేసింది. నాకు ముందు చెప్పలేదు, చెబితే వద్దంటానని. ఫోనులో మాత్రం ఫలానా రోజు స్టేషనుకి రమ్మంది. అన్నేళ్ళు మంచం మీద పడుకుని విన్న ఆ బండిలోంచి నావాళ్ళు దిగుతారని నేను ప్లాట్‌ఫారం మీద నిలబడింది అదే మొదటిసారి. ఆవిడ సామాను దించి, "ఇంక ఫోనులో కాపురం నా వల్ల కాదండీ" అంది. చిన్న మంచం విడదీసి తాళ్ళతో కట్టి బ్రేకు వ్యానులో వేయించి తెచ్చింది. పాపని హిందీ బడిలో వేశాం. మొదటి రోజు ఏడుస్తూ వచ్చింది. తన మాటలు విని అందరూ నవ్వారట. ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు చెప్పనక్కరలేదు. ఎన్ని బళ్ళు తిరిగినా ఆవిడకి మళ్ళీ పర్మనెంటు ఉద్యోగం దొరకలేదు. గుఢియారీలో నలుగురు తెలుగు పిల్లలకి ఇంట్లో అక్షరాలు నేర్పేది.

ఆ తరువాతి చలికాలం మా మేనేజరుకి ప్రమోషను వచ్చింది. విశాఖపట్నం హెడ్ ఆఫీసుకి. వెళ్ళేముందు నల్ల చేపని మూత ఉన్న గాజుసీసాలో వేయించుకున్నాడు, మూతకి చిల్లులు పొడిచింది కూడా నేనే. వీడ్కోలు సభలో నా చెయ్యి పట్టుకుని, "అంతా నీ హస్తవాసి తమ్ముడూ" అన్నాడు. సముద్రం కనపడే క్వార్టరు ఇచ్చారని కూడా చెప్పాడు.

కొత్త మేనేజరు భోపాల్ వైపు నుంచి వచ్చాడు. మొదటి రోజే ఆ మోటారు గుయ్యిమనే చప్పుడికి తలనొప్పి వస్తోందని తొట్టె తీసేయమన్నాడు. చేపలు టైపిస్టు ఇంటి పక్కవాళ్ళు పట్టుకెళ్ళారు. మధ్యాహ్నానికి ఈశాన్యం మూల ఖాళీ. వ్యాపారం పడిపోలేదు, పెరగనూ లేదు. నా గురించి ఎవరో చెప్పారు కాబోలు, ఆయన నన్ను పిలిచి, విశాఖపట్నం వెళ్ళాలనుకుంటే ఇప్పుడే వదిలేస్తాను, ఇన్నాళ్ళు ఎవరు ఆపారు అని అడిగాడు. నేను ఇంటికి వచ్చి ఆవిడకి చెప్పాను.

ఆవిడ పాపకి జడ వేస్తోంది. "ఇప్పుడెందుకండీ" అంది. "నా బడిలో నా కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఇది హిందీలో ఎక్కాలు నేర్చీసుకుంది. మళ్ళీ ఏటి పీకుతాం?"

కాబట్టి ఉండిపోయాం. ఇప్పటికీ ఉన్నాం.

తొట్టెని బయట పారెయ్యబోతుంటే నేనే రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చాను. అన్నేళ్ళు కడిగిన అద్దం, ఎవడో పగలగొడితే చూడలేను. పెరట్లో పెట్టాను. ఆవిడ అందులో మట్టి పోసి కొత్తిమీర చల్లింది. అది గుబురుగా వచ్చింది. పక్కింటి ఆవిడ మెచ్చుకుంటే మా ఆవిడ నా వైపు చూసి, నవ్వుతున్నట్టే అంది:

"చెయ్యి ఆయనదేనండీ. మంచి చెయ్యి. దాని కింద పడ్డది ఏదీ చావదు, ఎక్కడికీ కదలదు కూడా. మమ్మల్నీ అలాగే ఉంచీసింది."

ఆవిడ నన్ను అన్న మాట నా జీవితంలో అదొక్కటే. అది కూడా నేను మరిచిపోలేదు.

పాప పెద్దదైంది, అయినా ఆదివారాలు ఆవిడే కుంకుడుకాయలు కొట్టి దానికి తలంటుతుంది. ఆ వాసన గదిలోకి రాగానే నేను చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోతాను. గుఢియారీ సందులో కూరగాయల బళ్ళ మధ్య నిలబడతాను. స్టేషను మైకు అక్కడికి కూడా వినిపిస్తుంది. విశాఖపట్నం బండి ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో రెండుసార్లు హిందీలో, ఒకసారి ఇంగ్లీషులో చెబుతారు. పూర్తిగా వింటాను. పాప తల ఆరి ఉంటుందనుకున్నప్పుడు ఇంటికి వస్తాను.